పాండురంగం సేటు కోతమిషను

పటాన్‌చెరులో కిరాణా దుకాణం, ముత్తంగి చెరువు కింద ఆరెకరాల వరి, రెండెడ్లు, ఒక బర్రె, ఒక భార్య. పాండురంగం సంసారం ఇది. ఆ వరస కూడా ఆయన చెప్పుకునే వరసే. మనిషి చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు, గట్టివాడంటారు. ఎంత గట్టివాడో కోతలప్పుడు తెలుస్తుంది.

ఆ ఊళ్లో కోతకూలి వరికట్టల్లోనే ఇస్తారు. ఇరవై కట్టలు కోస్తే ఒకటి కోసినవాళ్లది. ఆ కూలికట్టను కోసిన ఆడవాళ్లే కట్టుకుంటారు. రెండు పిడికిళ్లు ఎక్కువ పడితే రైతు అటు తిరిగి చుట్ట ముట్టించుకుంటాడు. అది మర్యాద. పాండురంగం మాత్రం ధోవతి ఎగగట్టి, కూలికట్టలన్నీ తన చేత్తోనే కట్టేవాడు. చంటిపిల్లకు జడేసినంత సన్నగా కట్టి, పైగా "తీస్కపోండ్రి, సల్లగుండుండ్రి" అని దీవించేవాడు.

వెట్టి ఉన్నన్నాళ్లూ ఇది చెల్లింది. అది పోయి, కూలివాళ్లకు 'మేం రాము' అనే మాట అలవాటైన రోజులు వచ్చాయి. ఆ ఏడు కార్తీకంలో కోతల ముఠాకు పెద్దయిన ముత్యమ్మ దుకాణం ముందు నిలబడి తేల్చేసింది.

"నీ పొలంల కొడవలి పెట్టం సేటూ. మా కట్ట మేమే కట్టుకుంటమంటె జెప్పు, రేపే వస్తం."

ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లంతా విన్నారు. పాండురంగానికి ఒళ్లు మండిపోయింది. కట్టకు రెండు పిడికిళ్లు పోవడం ఒక బాధ, ముత్యమ్మను బతిమాలడం అంతకంటే పెద్ద బాధ. పక్క ఊళ్ల ముఠాలూ ఆయన పేరు చెప్పగానే పని ఉందన్నాయి. పొలంలో వరి పండి వాలిపోతోంది. అప్పుడు మిషన్ల మీదికి మనసు పోయింది.

ఉతికిన ధోవతి కట్టి, పిల్లను చూడబోయినట్టు సికింద్రాబాదు బయల్దేరాడు. అక్కడ మిషన్ల దళారి సాదుల్లా కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మొదట కాలితో తొక్కే నూర్పిడి మిషను చూపించాడు.

"తొక్కేదెవరు?" అన్నాడు పాండురంగం.

"ఒక మనిషి చాలు సేట్‌సాబ్."

"మనిషా? ఒద్దు."

రెండోది ఇంజనుతో నడిచే నూర్పిడి మిషను. వరి కోసి తెచ్చి దాని నోటికి అందించడానికి నలుగురు కావాలన్నాడు సాదుల్లా. పాండురంగం చాయ్ పక్కన పెట్టేశాడు. ఇక లాభం లేదని సాదుల్లా షెడ్డు వెనక టార్పాలిన్ ఎత్తాడు. ఎర్రరంగు వెలిసిపోయిన విలాయతి మిషను. ట్రాక్టరు వెనక కట్టి లాగితే చాలు, అదే కోస్తుంది, అదే నూరుస్తుంది, గింజలు సంచుల్లో పోస్తుంది.

"దీనికెంతమంది?"

"ట్రాక్టర్ నడిపెటోడు ఒకడు, సంచులు పట్టెటందుకు నేను. ముందుగాల పైస తీస్కోకుంట మీ పొలంల ముఫ్త్‌గ కోసి సూపిస్త. నచ్చితెనే బేరం."

ముఫ్త్ అన్నాక పాండురంగం ఇంక నిలవలేదు. అయినా వ్యాపారస్తుడు కదా, అడగాల్సినవన్నీ అడిగాడు. డీజిల్ ఎంత తాగుతుంది? వానకు తడిస్తే జంగు పడుతుందా? పండుగలకు నాగా పెడుతుందా? చివరి ప్రశ్నకు సాదుల్లా నవ్వు ఆపుకోవడానికి దగ్గాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే ఆయన భార్య ఆదిలక్ష్మి ఒక్కటే అడిగింది.

"గడ్డి ఏమైతదట? అడిగిండ్రా?"

"గడ్డి ఏడికి పోతది? ఏటా ఉంటలేదా? మిషిన్ల సంగతి నీకేం తెల్వది, ఊకో!"

నిజమే, ఏటా ఉండేది. కోతలు కాగానే గడ్డివాము దొడ్లో దానంతటదే మొలిచినట్టు లేచేది. దాన్ని ఎవరు మోశారో, ఎవరు పేర్చారో పాండురంగం ఎన్నడూ చూడలేదు. కోసిన ఆడవాళ్లకు దానికి వేరే కూలి ఇవ్వలేదు కనక అది పని అని ఆయనకు తోచలేదు.

మిషను వచ్చింది. అది పట్టేందుకు గట్లు తెంపారు. పాండురంగం కొబ్బరికాయ కొట్టి, చెప్పులు విడిచి దానికి దండం పెట్టాడు. అది పొలంలోకి దిగి గుర్రుమంటూ కోసుకుపోతుంటే గింజలు ధారగా సంచుల్లోకి దూకాయి. పక్క పొలంలో కోస్తున్న ముత్యమ్మ వినాలని పాండురంగం గట్టుమీద నిలబడి ఊరికే బిగ్గరగా నవ్వాడు. సాయంత్రం ట్రాక్టరు చప్పుడు ఆగాక పొలం కలయజూశాడు. నలిగి తునకలైన గడ్డి ఆరెకరాల నిండా చెదిరిపోయి ఉంది. సగం చక్రాల కింద బురదలో కలిసింది.

"సాదుల్లా, గడ్డేది?"

"గడ్డా? మీరు గింజల కోసం మిషిని అడిగిండ్రు. గడ్డి మాట ఎత్తలేదు గద సేట్‌సాబ్."

"ఎడ్లేం తినాలె? బర్రె ఏం తినాలె?"

"మిషిని కొన్నంక ఎడ్లెందుకు? ట్రాక్టర్ గూడ నా దగ్గరనే ఉన్నది!"

బేరం అక్కడే చచ్చింది. మిషను తెంపిన గట్ల మీదుగానే వెళ్లిపోయింది. పడమర మబ్బు పట్టింది. వాన పడితే ఆ తునకలు కూడా కుళ్లిపోతాయి, వచ్చే కోతల దాకా పశువులకు మేత ఉండదు.

"ముత్యమ్మను పిలువుండ్రి. ఆమె కట్ట ఆమెనే కట్టుకుంటది, పోయేదేమున్నది?" అంది ఆదిలక్ష్మి.

పాండురంగం పిలవలేదు. కడుపు మండినా, పశువులు మాడినా ఆ ఒక్క పని చేయలేనన్నాడు. తెల్లవారగానే మొగుడూ పెళ్లాలిద్దరే పొలంలో దిగారు. వంగి బురదలోంచి గడ్డి ఏరుతూ, దులుపుతూ, కుప్ప పెడుతూ పోయారు. ఎండెక్కేసరికి ఆయన మోకాళ్లమీదికి దిగిపోయాడు. కుప్ప మాత్రం ఎడ్లకు ఒక పూట మేతంత కాలేదు.

వేరే రైతు పొలానికి కోతకు పోతున్న ఆడవాళ్లు గట్టుమీద ఆగారు. ముత్యమ్మ ఆ కుప్పను చూసి అడిగింది.

"ఈ పనికి కూలి ఎంత సేటూ?"

పాండురంగం తలెత్తలేదు. ఎత్తితే ముఖం చూపించాల్సి వస్తుంది. జవాబు ఆదిలక్ష్మి చెప్పింది, వంచిన నడుము వంచినట్టే ఉంచి.

"నిరుడు మీకిచ్చినంతనే, ముత్యమ్మా."