అమ్మ పెన్సిల్ రాతలు

వీధిలో అందరూ ఆయన్ని కాగితాలాయన అనేవారు. లైబ్రరీలో ముప్పై ఏళ్లు చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి రిటైరయ్యాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత ఒపేరాల స్వరాల పుస్తకాలు పోగేయడం. ఒపేరా అంటే మాటలన్నీ పాటలుగా సాగే నాటకం. అందులో ఎవరు పాడే భాగం వాళ్లకు విడిగా ఒక పుస్తకం ఉండేది. అలాంటివి బీరువా నిండిపోయి, మంచం కిందికీ కుట్టుమిషను మీదికీ చేరాయి. తీరా చూస్తే ఆయనకు స్వరం చదవడం ఒక్క ముక్క రాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని భార్య దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఎవరైనా మచ్చ లేని పుస్తకం తెస్తే మొహం చిట్లించేవాడు. పెన్సిల్ గీతలూ టీ మరకలూ ఉంటే మాత్రం వదిలేవాడు కాదు. ఎందుకంటే ఆయన తల్లి ఒకప్పుడు ఒపేరా హాల్లో, బృందగానంలో రెండో వరసలో పాడేది. పుస్తకాలు హాలువి కాబట్టి గుర్తులేమైనా పెన్సిల్‌తోనే పెట్టుకోవాలి, ఆటలు అయిపోయాక చెరిపి అప్పగించాలి. ఆవిడ చెరిపే రకం కాదు. ఇక్కడ ఊపిరి, ఇక్కడ ఎడమ తలుపు వైపు చూడు, ఇక్కడ మేనేజరు చూస్తాడు నవ్వకు, అని అంచుల నిండా రాసేది. హాలు మూతపడ్డాక పుస్తకాలన్నీ తూకానికి పోయాయి. కొన్నాళ్లకు తల్లీ పోయింది. ఆమె చేతిరాత ఇంట్లో చీటీ ముక్కంత కూడా మిగల్లేదు.

చిత్తుకాగితాల దుకాణాల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే పదకొండేళ్లకు తల్లి రాతలున్న పుస్తకం దొరికింది. దుకాణం మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఇంత వయసొచ్చి చిత్తుకాగితాలకు ఏడ్చాడంటే నవ్విపోతారని పరువు అడ్డమొచ్చింది.

ఈమధ్య ఆ హాలు మళ్లీ తెరుస్తున్నారు. పాత పుస్తకాలుంటే అద్దాల పెట్టెలో పెడతామని కబురొచ్చింది. ఎందుకో చెప్పకుండా ఆయన ఆ ఒక్క పుస్తకమే తీసి బల్ల మీద పెట్టాడు. కోడలు బళ్లో డ్రాయింగు టీచరు. మావగారి పుస్తకం నలుగురిలో శుభ్రంగా కనబడాలని, ఆయన కునుకు తీసే వేళల్లో, రెండు మధ్యాహ్నాలు కూర్చుని మెత్తటి రబ్బరుతో పెన్సిల్ రాతలన్నీ తుడిచేసింది.

ఆయన పుస్తకం తెరిచాడు. కిటికీ దగ్గర ఏటవాలుగా పెట్టి చూశాడు. ఎక్కడా కాగితం పొర లేవలేదు, పెన్సిల్ నొక్కు కూడా మిగల్లేదు. ఇంత చక్కటి పనితనం తన సర్వీసు మొత్తంలో చూడలేదు. ఒక్కో ఖాళీ అంచునూ వేలితో తడిమాడు. మెచ్చుకుంటాడని ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టడానికి నోరు రాలేదు. తప్పు తుడిచినదానిది కాదు, దాచినవాడిది.

ఆమె గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. కోడలు నేల మీద చతికిలబడింది. తర్వాత లేచి పెన్సిల్ చెక్కుకొచ్చి, ఏ పేజీలో ఏముందో చెప్పమంది.

ఆయనకు అన్నీ నోటికి వచ్చు. ఆయన చెబుతుంటే ఆమె రాసుకుపోయింది. తల్లివి కోడిగీతలు, ఈమెవి గుండ్రటి బడి అక్షరాలు. అయినా ఊపిరి దగ్గర ఊపిరి వచ్చింది, తలుపు దగ్గర తలుపు వచ్చింది. ఎనభై మూడో పేజీకి వచ్చేసరికి ఆయన చెప్పకుండానే పేజీ తిప్పేయబోయాడు.

"ఇది నాకు గుర్తుంది మావయ్యా. తుడిచేముందు చదివాను," అంది కోడలు.

అడక్కుండానే రాసింది: ఇక్కడ పెద్ద డ్రమ్ము మోగుతుంది. దుస్తుల బుట్టలో బాబు ఉలిక్కిపడి లేస్తాడు. చూడకు. పాడు.

"ఈ బాబెవరో అనుకున్నాను," అంది.

"నేనేనమ్మా," అన్నాడాయన.