తీసెయ్యమన్న తల

ఇంట్లో అతన్ని అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలో కూడా తెలియని డాక్టరు. అతనిది మెదడు స్కాన్ల మీద పరిశోధన. డాక్టరేట్ వచ్చాక ల్యాబుల్లో చేసే తాత్కాలిక ఉద్యోగాన్ని పోస్ట్‌డాక్ అంటారు. అందులోనే అతని జుట్టు నెరవడం మొదలైంది. "బావా, మెదడు ఫొటోలు తీసింది చాలు, మా టైల్స్ కొట్టుకొచ్చి కూర్చో" అని బావమరిది ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. ఈ పోస్టు కూడా రాకపోతే వెళ్ళి కూర్చుంటానని భార్యకి మాటిచ్చి మరీ ఇంటర్వ్యూకి వచ్చాడు. కొట్లో తాను అమ్మేవాటికన్నా పగలగొట్టేవే ఎక్కువని అతనికి బాగా తెలుసు.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరమ్మ తెరమీద ఒక మెదడు స్కాన్ పెట్టింది. దాని కింద, మెదడులో రక్తప్రసరణని చూపే గీత సాఫీగా వెళ్తూ వెళ్తూ గోతిలో పడ్డట్టు దిగి, మళ్ళీ లేచింది.

"ఈ స్కాన్ పరిశోధన లెక్కలో ఉంచుకోవాలా, తీసెయ్యాలా?"

"తీసెయ్యాలి మేడమ్. కదిలైనా ఉంటాడు, కునుకైనా తీసి ఉంటాడు. ఇలాంటివాళ్ళని అసలు మెషిన్ ఎక్కించకూడదు." ఇంకాస్త మెప్పు దొరుకుతుందని, "బాధ్యత లేని మనిషి" అని కూడా తగిలించాడు.

ఆవిడ బొమ్మని పక్కకి తిప్పింది. ఎడమవైపు, చెవి పైభాగాన, ఒక మడత రెండుగా చీలి ఉంది. ఆ చీలికని అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు.

నలుగురికీ పంచే స్కాన్లలో మనిషిని గుర్తుపట్టకుండా ముఖం చెరిపేస్తారు. కానీ పాత ల్యాబులో మెషిన్‌ని పరీక్షించాల్సి వచ్చినప్పుడల్లా, తప్పించుకోవడం చేతకాని మనిషిని లోపల పడుకోబెట్టేవారు. ఆ మనిషి ప్రతిసారీ ఇతనే. అద్దంలో తన ముఖం చూసుకున్నదానికన్నా తెరమీద తన మెదడు చూసుకున్నదే ఎక్కువ.

నోరు మూసుకుంటే గడిచిపోయేది. కానీ అన్నది తానే అయినా, తనని బాధ్యత లేని మనిషన్నందుకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఉంచండి మేడమ్."

"ఇప్పుడేగా తీసెయ్యమన్నారు?"

"అతను కదల్లేదు, నిద్రా పోలేదు. గట్టిగా నిట్టూర్చాడు. పెద్ద ఊపిరి తీస్తే మెదడులో రక్తం నడక మారి, గీత ఇలాగే దిగుతుంది."

"నిట్టూర్పేనని ఎలా చెప్తున్నారు?"

"ఆ తల నాదే మేడమ్. స్కాన్ మధ్యలో మా సారు మైకులో 'కదలకండి' అని, అదే ఊపులో 'మీ పోస్టుకి ఈ ఏడాదితో నిధులు ఆగిపోతున్నాయి' అన్నారు. కదలొద్దన్నారు కదా అని కదల్లేదు."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక ఆవిడ, "ఇప్పటిదాకా వచ్చినవాళ్ళంతా తీసెయ్యమనే వెళ్ళారు. మీరొక్కరే మళ్ళీ చూశారు. వచ్చే నెల చేరండి. పోస్టు మాత్రం ఒక్క ఏడాదికే" అంది.

తన తల కాకపోతే తానూ తీసెయ్యమనే వెళ్ళేవాడు. ఆ సంగతీ చెప్పేద్దామనుకున్నాడు గానీ, ఒక రోజుకి ఈ నిజాయితీ చాల్లెమ్మని ఊరుకున్నాడు.

వరండాలోకొచ్చి భార్యకి ఫోన్ చేశాడు.

"వచ్చింది."

"ఎన్నాళ్ళకి?"

"ఏడాది."



"ఏవండీ, ఈసారి అట్టపెట్టెలన్నీ విప్పేద్దామండీ. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని, ఎన్నిళ్ళు మారినా నా గిన్నెలు సగం వాటిలోనే ఉండిపోయాయి. ఏడాదైతే ఏడాదే, అన్నీ బయటపెట్టుకుని ఉందాం."

"అలాగే, అన్నీ విప్పేద్దాం" అన్నాడు.