నలభై మూడు ఇళ్ల గింజలు

ఆ గురువారం పొద్దు నడినెత్తికి రాకముందే ఓదెమ్మ తొమ్మిదిసార్లు దవాఖాన గేటు దాకా వచ్చి పోయింది. తొమ్మిదోసారికి గేటు కావలి అబ్రహాం బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు.

"చెల్లె, నువ్వు గిట్ల తిరిగితే ఈడ బాట పడుతది. నేను చూస్త గద. మూట కండ్లవడంగనే కేకేస్త."

"మా కట్టయ్య మామను నువ్వు గుర్తు పడుతవా అన్నా?"

"ఎందుకు పట్ట? నెత్తిమీద మూటుంటది, రాంగనే మంచినీళ్లడుగుతడు. మొగం మీద మీసం తప్ప ఏముండది."

ఓదెమ్మకు నవ్వు రాలేదు. గేటు కడ్డీల మధ్య నుంచి రోడ్డును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి మళ్లీ వార్డులోకి నడిచింది. గింజలు అయిపోయి పదకొండు రోజులు.

అది 1947 నవంబరు. మానుకోటలోని ఆ మిషన్ దవాఖానలో కాన్పులు చేసే పని నేర్చుకుంటున్న ఐదుగురు ఆడవాళ్లలో ఓదెమ్మ ఒకతె. నేర్పినందుకు ఎవరూ ఏమీ అడగరు. తిండి గింజలు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. రేషను రోజులు, దవాఖానకు వచ్చే సర్కారు గింజలు రోగులకే సరిపోయేవి కావు. గింజలు లేనివాళ్లు ఒక వారం పక్కవాళ్ల దగ్గర సర్దుకోవచ్చు, ఆ తర్వాత పేరు కొట్టేస్తారు. నర్సు సునందమ్మ ఓదెమ్మకు ఇంకో వారం ఇచ్చింది. అది ఆదివారంతో సరి.

సునందమ్మది బెజవాడ వైపు. మనిషి చెడ్డది కాదు, నోరు ఊరుకోదు.

"ఏవమ్మా ఓదెమ్మా, మీ ఊరివాళ్లు నిన్ను చదువుకి పంపించారా, ఉపవాసాలకి పంపించారా?"

"వస్తయమ్మా. బాట మంచిగ లేక లేటయింది."

"వస్తయంట! వస్తాయి అనవే, నోరు పడిపోతుందా?"

ఓదెమ్మ ట్రంకు పెట్టెలో ఒక చిన్న నోటుబుక్కు ఉంది. అందులో ఇరవై గీతలు. తన చేతులతో చేసిన ఒక్కో కాన్పుకు ఒక్కో గీత మీద సునందమ్మ సంతకం పడాలి. ఇరవై నిండితే దవాఖాన ముద్ర వేసిన కాగితం ఇస్తారు. ఇప్పటికి పదిహేడు పడ్డాయి. ఇంకా మూడు కావాలి, తిండికి మూడు రోజులున్నాయి. ఆ వారం వార్డులో నొప్పులు పడుతున్న మనిషి ఒక్కతీ లేదు.

ఓదెమ్మ గుర్రాలబండ మనిషి. మానుకోటకు ఆరు కోసులు, పన్నెండు మైళ్ల దూరం. పెళ్లయిన మూడో ఏట మొగుడు పోయి అన్న ఇంటికి తిరిగి వచ్చిన కురుమ పిల్ల. గొర్రె ఈనలేక కడుపులో పిల్ల అడ్డం తిరిగితే ఊళ్లో మగవాళ్లు కూడా ఆమెనే పిలిచేవాళ్లు. దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంఘం వాళ్లు పొద్దుగూకినాక పెట్టిన బడిలో అక్షరాలు కూడా పట్టుబడ్డాయి.

ఆమెను చదువుకు పంపించింది ఒక చావు. రెండేళ్ల కింద దొర కూతురికి నెలలు నిండాయని ఊరి మంత్రసాని వీరమ్మను గడిలో కూర్చోబెట్టారు. నొప్పులు ఇంకా మొదలు కాలేదు. అయినా కదలనివ్వలేదు, మంత్రసాని పని కూడా వెట్టిలోదే. మూడు రోజులు వీరమ్మ గడి అరుగు మీద ఊరికే కూర్చుంది. రెండో రోజు కుమ్మరి ఇంట్లో బాలింత కావలసిన మనిషి కడుపులో బిడ్డతో పోయింది. ఆ ఏడాదే ఊళ్లో సంఘం ఏర్పడింది, వెట్టి ఆగింది. కురుమల పెద్ద కట్టయ్య పంచాయితీలో నిలబడి ఒకే మాట అన్నాడు: "గడి మెట్లు ఎక్కని మంత్రసాని మనకొకతె కావాలె. చదువుకున్నది కావాలె. తిండి మనం పెడుదం."

జనగామ దిక్కు ఊళ్లలో పిడికెడు గింజలతో ఏవో పనులు నడుపుతున్నారని కట్టయ్య విన్నాడు. డెబ్బై గడపల్లో నలభై మూడు ఇళ్లవాళ్లు సరేనన్నారు. ఎసట్లో పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి గురిగి అనే చిన్న కుండలో వేసేవాళ్లు. పదిహేను రోజులకొకసారి గురుగులన్నీ ఒక బస్తాలోకి ఒంపితే కట్టయ్య నెత్తిన పెట్టుకుని మానుకోటకు నడిచేవాడు. ఆ బస్తాలో పచ్చజొన్నలు, తెల్లజొన్నలు, సజ్జలు, కొర్రలు, పేదవాళ్ల ఇళ్ల నుంచి నూకలు అన్నీ కలిసి ఉండేవి. వండితే కొర్రలు మెత్తబడి ముద్దయ్యేవి, జొన్నలు పలుకు మీదే ఉండేవి. ఓదెమ్మ ఐదు నెలలుగా ఆ గటకే తింటోంది. నమిలేటప్పుడు ఏ గింజ ఎవరింటిదో చెప్పగలనని అబ్రహాంతో అనేది.

సాయంత్రం నాలుగింటికి అబ్రహాం కేకేశాడు. ఆ గొంతులో హుషారు లేదు.

కట్టయ్య గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నెత్తిన మూట లేదు. ఎడమ కన్ను మూసుకుపోయింది, పెదవి చిట్లి నెత్తురు గట్టిపడింది.

"మామా, ఏమైంది? ఎవరు కొట్టిండ్రు?"

"వారం కింద బాట మీద పోలీసు నాకా కాడ పట్టిండ్రు. జవాను బస్తల చెయ్యి వెట్టిండు. తీసి అరచేతిల చూసిండు. పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ. ఒక్క చెల్కల గివన్ని పండుతయారా అన్నడు. ఊరంత తిరిగి జమచేసినవ్, సంగపోళ్లకు మోస్తున్నవ్ అని..." కట్టయ్య చిట్లిన పెదవి తడుముకున్నాడు. "బస్త గుంజుకున్నరు. ఆరు దినాలు ఠాణాల ఉంచిండ్రు."

అబ్రహాం చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. కట్టయ్య తాగి, చెంబు కింద పెట్టి, ఓదెమ్మ మొహంలోకి చూడకుండా అన్నాడు.

"నీకోసం రాలే బిడ్డా. రాములమ్మ కోసమొచ్చిన. నెలలు నిండినయి. నువ్వు ఇంటికి రావాలె."

రాములమ్మ కట్టయ్య కూతురు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది.

ఓదెమ్మకు ఒళ్లు మండింది. "ఇరవై నిండంది ఊరి పొలిమెర తొక్కొద్దని నాతోటి ఒట్టు వేయించుకున్నది నువ్వే గదనే? ఇప్పుడు పోతే నా పేరు కొట్టేస్తరు. ఇన్ని దినాల గింజలు ఏట్ల కలిసినట్టే."

"ఎరుకే. నాకు ఎరుక లేదా? నలభై మూడిండ్లోళ్లకు ఏ మొగం చూపియ్యాలె? కాని నా బిడ్డ..."

"వీరమ్మవ్వ లేదా ఊర్ల?"

అబ్రహాం రెండుసార్లు దగ్గాడు. సంగతి మెల్లగా బయటపడింది. ఓదెమ్మకు పిడికెడు ఇవ్వడం మొదలైన నాటి నుంచి గుర్రాలబండలో ఎవరూ వీరమ్మ వాకిట్లోకి చాట పట్టుకుని పోలేదు. ఆ ఊళ్లో మంత్రసానిని పిలవాలంటే ఇంటి మగవాడు చాటలో గింజలు, పసుపు కొమ్ము, ఆకు వక్క పెట్టుకుని ఆమె వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఊరివాళ్లు లెక్క వేరుగా వేసుకున్నారు: మంత్రసానికి ఇవ్వాల్సింది గురిగిలో పోస్తూనే ఉన్నాం, మళ్లీ చాట దేనికి అని. ఈ ఐదు నెలల్లో నాలుగు కాన్పులైతే నాలుగిళ్లవాళ్లూ ఉత్త మాటతో కబురు పంపారు. వీరమ్మ వెళ్లలేదు. అత్తలే కాన్పులు చేశారు. ఒక బిడ్డ దక్కలేదు.

"నువ్వు తీసుకపోయినవా చాట?"

"నేను సంగపోన్ని. వెట్టి పోయింది, చాట గూడ పోయిందనుకున్న."

"చాట వెట్టి గాదు మామా. కూలి."

ఆమె లోపలికి వెళ్లింది. రెండు చీరలు, దువ్వెన, నోటుబుక్కు మూట కట్టింది. ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. మూట చంకన పెట్టుకుని గేటు దాకా వచ్చాక అడగాల్సిన మాట గుర్తుకొచ్చింది. నెల రోజుల కింద సునందమ్మ మూడు పూటలు వల్లె వేయించిన మాట.

"మామా, రాములమ్మకు కాళ్లు వాచినయా?"

"వాచినయి. మొగం గూడ వాచింది. తలకాయ నొస్తుందంటది. కండ్ల ముంగట మిణుగురులు కనవడుతున్నయంటది. దిష్టి అనుకున్నం."

ఓదెమ్మ మూట నేల మీద పెట్టేసింది.

"నేనొచ్చినా ఏం జెయ్యలేను. అది ఇంట్ల కనే కాన్పు గాదు. డాక్టరమ్మ కావాలె, సూదిమందు కావాలె. బండి కట్టి ఈడికే తీసుకరా. పొద్దు గూకకముందే నడువు."

"బాటల నొప్పులొస్తెనో?"

"వీరమ్మవ్వను బండెక్కియ్యి. ఉత్త చేతులతోటి పోవద్దు. చాట పట్టుకొని పో. వాకిట్ల నిలవడి పిలువు, ఊరందరు ఇనేటట్టు పిలువు. తిడుతది. తిట్టనీ."

కట్టయ్య గోడ పట్టుకుని లేచి నడిచాడు. ఆ పూట గటక అబ్రహాం ఇంటి నుంచి వచ్చింది. ఓదెమ్మ సగం తిని వదిలేసింది.

శుక్రవారం ఆమె వార్డు రెండుసార్లు కడిగింది. శుభ్రంగా ఉన్న పక్కగుడ్డలు మళ్లీ ఉతికింది. కుండలో కత్తెర మరగపెట్టి తీసి, మళ్లీ వేసింది. తను చెప్పింది తప్పేమో, తనే వెళ్లాల్సిందేమో, ఇప్పటికే బాటలో అయిపోయిందేమో అని ఒక్కచోట కాలు నిలవలేదు. "నువ్వు కూర్చుంటే నాకు కళ్లు తిరగడం తగ్గుతుంది" అంది సునందమ్మ.

శనివారం పొద్దున పదింటికి బండి వచ్చింది. తోలుతున్నది పక్క తండా టీక్యా. వెనక మోకాళ్ల మీద కూర్చుని రాములమ్మ నడుము పట్టుకున్నది వీరమ్మ. అరవై దాటిన మనిషి, ఎండుకట్టెలాంటి చేతులు. కట్టయ్య రాలేదు, నాకా కాడ మొహం గుర్తు పడతారని ఊళ్లోనే ఆగిపోయాడు.

"ఏదే, సదువుకున్న మంత్రసాని?" బండి దిగకుండానే అరిచింది వీరమ్మ. "ఉమ్మనీరు పోయి గంటైతుంది. నిలవడి చూస్తవా, పడుతవా?"

నలుగురు పట్టి రాములమ్మను దింపారు. ఆమె కింద పరిచిన బొంత తడిసి ఉంది. బొంత కింద రెండు గింజల బస్తాలున్నాయి.

నాకా దగ్గర ఏం జరిగిందో వీరమ్మే తర్వాత చెప్పింది. జవాను బండి ఆపి, కింద ఏముందో చూడాలి, ఈమెను లేపు అన్నాడట.

"లేపు బిడ్డా, నువ్వే లేపు అన్న. నీ చేతులల్లనే కంటది. చాట గింజలు నీకే ఇప్పిస్త, బొడ్డు గూడ నువ్వే కొయ్యి అన్న. వాడు ఆమడ దూరం జరిగిండు."

కాన్పు మధ్యాహ్నం దాకా సాగింది. డాక్టరమ్మ రెండు సూదులు వేసింది. రాములమ్మకు ఒకసారి కళ్లు పైకి పోయి పళ్లు గిట్టకరుచుకున్నాయి. సునందమ్మ దవడల మధ్య గుడ్డ దూర్చింది. బిడ్డను పట్టింది ఓదెమ్మ. మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుగుతుంటే గోడ పక్కన నిలబడ్డ వీరమ్మ ఊరుకోలేదు.

"గంతసేపు కడుగుతె పిల్ల తనంతట తనే వచ్చి తానం చేస్తది."

"అవ్వా, జర ఊకో."

"ఊకుంట. నువ్వు ఎడమ చెయ్యి కిందికి పెట్టు. ఇంక కిందికి. ఆ, గట్ల." సునందమ్మ ముసలామె వైపు చూసి, ఓదెమ్మ చేతి వైపు చూసింది. ఆ చెయ్యి సరైన చోటే ఉంది.

ఆడపిల్ల. కాస్త ఆలస్యంగా ఏడ్చింది. రాములమ్మను ఎనిమిది రోజులు ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది.

సునందమ్మ నోటుబుక్కులో పద్దెనిమిదో గీత మీద సంతకం పెట్టి వరండాలోకి వచ్చింది. బస్తా మూతి విప్పించి చెయ్యి పెట్టింది.

"తడిగా ఉన్నాయేంటి ఇవి? వాన పడిందా?"

"వానేడిది నర్సమ్మా," అంది వీరమ్మ. "మా రాములమ్మే కురిసింది."

సునందమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని పమిటకు తుడుచుకుంది. "కడిగి ఎండబెట్టండి. పై బస్తా సగమేగా తడిసింది. పేరు కొట్టనులే" అని లోపలికి పోయింది. ఓదెమ్మ ఆ గింజలు మూడు నీళ్లు కడిగి, వరండా నిండా పరిచి, సాయంత్రం దాకా పక్షులను తోలుతూ కూర్చుంది. అవే ఆఖరు దాకా తిన్నది. మిగతా నలుగురు ఆడవాళ్లు ఆమె పొయ్యి వైపు రాలేదు.

ఇరవయ్యో సంతకం డిసెంబరు పన్నెండున పడింది. ఓదెమ్మ కాగితం రవికలో దోపుకుని ఆరు కోసులు నడిచి ఊరు చేరింది. ఆ వారం ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. గురుగులు ఆపలేదు. పిడికెడు గింజలు పదిహేను రోజులు ఓదెమ్మకు, పదిహేను రోజులు వీరమ్మకు అనుకున్నారు. చాట ఎవరిని పిలిస్తే వాళ్లకే. ఫిబ్రవరిలో కట్టయ్యను మళ్లీ పట్టుకుపోయారు. గురుగులు ఒంపే పని అతని భార్య చూసింది.

1948లో గుర్రాలబండలో పంతొమ్మిది కాన్పులయ్యాయి. చాట ఓదెమ్మ వాకిట్లోకి వచ్చినవి ఆరు. తక్కిన పదమూడు వీరమ్మవి. వాటిలో తొమ్మిదింటికి ఆమె ఓదెమ్మను వెంటబెట్టుకుని పోయింది. బిడ్డలు పదహారు మంది దక్కారు. తల్లులు పంతొమ్మిది మందీ.