గొడ్లను పిలిచే పాటకు ఆమేన్

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరూ నవ్వుకునే గొంతు ఒకటుండేది. అది మా తాతయ్యది. గురజాల పక్క పల్లె మాది. తాతయ్య ఊరి గొడ్లను మేపేవాడు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి వాటిని తోలుకెళ్లి, రాళ్లగుట్టల మీద మేపి, పొద్దువాలే వేళకు "హో... ఓయ్" అని ఒక కేక పెట్టేవాడు. లావుగా మొదలైన కేక నడిమధ్యలో విరిగి, సన్నగా, ఆడగొంతులాగా పైకి లేచేది. ఎంత దూరాన ఉన్న గొడ్డయినా చెవులు రిక్కించి వచ్చేసేది.

చిక్కల్లా ఆదివారం వచ్చేది. చర్చిలో కీర్తన అందుకుని నాలుగు మాటలు పాడేసరికి, అలవాటుకొద్దీ ఆ గొంతు పైకి ఎగిరిపోయేది. పిల్లలం కిసుక్కున నవ్వేవాళ్లం, పెద్దవాళ్లు దగ్గు నటించేవాళ్లు. "పరువు తీయమాక, నోరు మూసుకొని కూచో" అని నాయనమ్మ ఒకరోజు కసిరింది. అప్పట్నుంచి తాతయ్య గుమ్మం పక్కన కూర్చుని ఊరికే పెదవులు కదిపేవాడు. పాటంటే ప్రాణం ఆ మనిషికి. మూగవాడిలా అలా కూర్చుంటే చూసి నాకు ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లో మిషను బంగళాలో ఉండే అమెరికా దొరసానమ్మ అప్పుడప్పుడూ మా చర్చికొచ్చి గ్రామఫోనులో భక్తిపాటలు వినిపించేది. ఆమె తెలుగు పుస్తకం చదివినట్టు ఉండేది. ఆ పెట్టె తెరిస్తే చాలు, మగవాళ్లు తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకునేవాళ్లు, ఆడవాళ్లు ముసుగు వేసుకునేవాళ్లు, అందరూ లేచి నిలబడేవాళ్లు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా పాట అయ్యాక ఆమేన్ మాత్రం గట్టిగా చెప్పేవాళ్లు. దొరల పెట్టెలోంచి వచ్చేదంతా దేవుడి పాటేనని మా ఊరి నమ్మకం.

ఒక సాయంత్రం భక్తిపాటలు అయిపోయాక, పిల్లల సరదా కోసం ఆమె వాళ్లన్న పంపిన గ్రామఫోను ప్లేటొకటి వేసింది. జనం మళ్లీ లేచారు. గిటారు మోగింది. ఒక మగగొంతు హాయిగా పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి విరిగి పైకెక్కింది, కిందికి దిగింది, మళ్లీ ఎక్కింది. ముల్లు జారిందేమోనని కొందరు పెట్టెలోకి తొంగి చూశారు. నవ్వడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు, దేవుడి పాటాయె! గుమ్మం దగ్గర తాతయ్య ఒక్కడే ముఖమంతా వెలిగిపోతూ, "ఓరి వీడి తస్సాదియ్యా! గొడ్లను పిలుస్తన్నాడ్రా వీడు!" అని అరిచేశాడు. నాయనమ్మ తల కొట్టుకుంది. పాట ఆగగానే ఊరంతా కలిసి ఆమేన్ అంది.

దొరసానమ్మ నవ్వలేదు. తల వంచి మాతోపాటే ఆమేన్ అని, ఆ పెద్దాయన చెప్పిందే నిజమని అందరికీ చెప్పింది. గుర్రాలెక్కి పశువుల మందల్ని తోలే కాపర్ల పాటట అది. వాళ్ల దేశంలో పల్లెజనం పాడుకునే కంట్రీ పాటలని ఒక రకం ఉందట. పట్నంవాళ్లు ఒకప్పుడు మోటుపాటలని ఈసడించి, ఇప్పుడు ప్లేట్లు కొనుక్కుని మరీ వింటున్నారట. గొంతును అలా విరవడానికి యోడెలింగ్ అని పేరనీ, అది లేకపోతే కాపరి పాటకు రుచే లేదనీ, వాళ్లన్న ఎంత సాధన చేసినా అది పట్టుబడలేదనీ చెప్పింది.

మా పాస్టరు అయ్యగారి మొహం మాడిపోయింది, గొడ్ల పాటకు ఊరంతా ఆమేన్ చెప్పిందే అని. "మందను పిలిచే పాటకు ఆమేన్ అనిన తప్పేమున్నది, అయ్యగారూ?" అందామె.

తర్వాత గుమ్మం దగ్గరికి నడిచి, నీ పిలుపు వినిపించమని తాతయ్యను అడిగింది. ఆయన సిగ్గుతో తలగుడ్డ నలుపుకుంటూ నాయనమ్మ వంక చూశాడు. "ఏందయ్యా నా మొహం చూస్తావు? అమ్మగారు అడుగుతుంటే, కానియ్యి!" అని ఆమే గదమాయించింది. తాతయ్య కళ్లు మూసుకుని కేక వేశాడు. అమెరికా పాటకు చెవైనా కదపని గొడ్లు, గోడవతల కట్టుతాళ్లు లాగుతూ అంబా అన్నాయి. దొరసానమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మరుసటి ఆదివారం కీర్తన ఎత్తుకోగానే తాతయ్య గొంతు కలిపాడు. రెండో చరణంలో అది విరిగి పైకెగిరింది. నవ్వేవాళ్లు నవ్వారు. ఆయన ఆపలేదు. పోయేదాకా పాడుతూనే ఉన్నాడు. నేను పంతులమ్మనయ్యాక పిల్లలకు పాటలు నేర్పినన్నాళ్లూ, గొంతు జారిన పిల్లను ఒక్కదాన్ని కూడా నోరు మూసుకోమనలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. చర్చిలో పాడుతుంటే నా గొంతూ జీరబోయి ఎక్కడికో పోతుంది. కుర్రకారు మైకును మెల్లగా నాకు దూరంగా జరుపుతుంటారు. నాకు తెలియదనుకుంటారు పాపం. జరుపుకోనీ. మైకు లేకుండానే ఆఖరి వరసదాకా వినపడుతుంది నా గొంతు, మా తాతయ్య మనవరాలిని మరి.