సైలెన్సర్‌కు కట్టిన తీగ

శనివారం పొద్దున బావ, అంటే అక్క మొగుడు, మా కారు తీసుకుని కేసముద్రం మార్కెట్‌కు పోయాడు. సాయంత్రం తాళం తెచ్చి మేకుకు తగిలించి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బండికి ఏమైందో ఒక్క మాట చెప్పలేదు.

ఆదివారం అమ్మను చర్చికి తీసుకుపోదామని స్టార్ట్ చేస్తే ట్రాక్టర్‌ మోత. వీధిలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. సిగ్గేసి అద్దాలన్నీ ఎత్తి ఏసీ పెట్టాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. కాజీపేట బ్రిడ్జి ఎక్కేసరికి వెనక సీట్లోంచి అమ్మ, "తల తిరుగుతాంది బిడ్డా, ఏదో పొగ వాసన" అంది. పక్కకు ఆపేలోపే చీర మీద వాంతి చేసుకుంది.

ఆమెను నీడన కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, కాస్త తేరుకున్నాక బండి కిందికి వంగి చూశాను. సైలెన్సర్ పైపు తెగి ఉంది. రెండు ముక్కలనూ పత్తి బేళ్ళకు చుట్టే ఇనుప తీగతో, మూడు చుట్లు చుట్టి, మెలితిప్పి కట్టారు. పైపు కంటే ఆ ముడిని చూసి నాకు ఒళ్ళు మండింది. రాయి తగిలి పైపు తెగడం ఎవరికైనా జరుగుతుంది. కిందికి దూరి తీగ కట్టినవాడికి పైపు తెగిన సంగతి తెలియకుండా ఉండదు కదా!

అమ్మను ఆటోలో ఎక్కించి, అద్దాలన్నీ దించుకుని బండిని ఇంటికి తెచ్చాను. మెకానిక్ షెడ్లన్నీ బంద్. మర్నాడు పాఠాలు చెప్పడానికి నేను ఇదే బండిలో పరకాల బడికి పోవాలి. సగం షట్టర్ తీసి ఉన్న హార్డ్‌వేర్ దుకాణంలో రెండు క్లాంపులు, వేడికి తట్టుకునే పేస్టు దొరికాయి. ఇంజిన్ చల్లారాక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, అది జారినా బండి మీద పడకుండా స్టెప్నీని కిందికి తోసి, పాత దుప్పటి పరిచి దూరాను. తుప్పు గీకుతుంటే పొడి కళ్ళలో పడింది. నూనె డబ్బా రేకు కత్తిరించి, పేస్టు పూసి, తెగినచోట చుట్టి క్లాంపులు బిగించాను. స్క్రూ తిప్పిన ప్రతిసారీ బావను తిట్టాను, గట్టిగానే.

అప్పుడే అక్కతో కలిసి ఆయన వచ్చాడు. బండి కింద నా కాళ్ళు చూసి నవ్వాడు.

"మా మరదలు మెకానిక్ అయింది సూడుండ్రి!"

బయటికొచ్చి తీగను ఆయన చేతిలో పెట్టాను. "ఇది కట్టింది నువ్వే కదా బావా?"

"అరె, జర రాయి తగిలింది. చిన్న చప్పుడే కదా, దానికింత కోపమా?"

మరదలి కోపం ఆయనకెప్పుడూ సరసమే.

"చప్పుడు కాదు, పొగ! లోపలికి పొగొచ్చి అమ్మ వాంతి చేసుకుంది. ఇంకా దూరం పోయుంటే ఏమయ్యేది? ఒక్క మాట చెప్పనీకి నోరు రాలేదా నీకు?"

లోపలినుంచి అమ్మ, "పోనియ్ బిడ్డా, అల్లున్ని అట్లంటరా" అంది. దాంతో నాకు మరింత మండింది.

"వాంతి చేసుకున్నది నువ్వే కదమ్మా!" అని అరిచాను.

బావ నవ్వు ఆగిపోయింది. "చెప్తే బండి మళ్ళ ఇయ్యవనుకున్న" అన్నాడు మెల్లగా. అక్క ఆయనను ఒక చూపు చూసి అమ్మ దగ్గరికి పోయింది. ఆయన ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ రేకు వారం రోజులు నిలిచింది. తర్వాత పైపు మార్పించాను. బావ మళ్ళీ బండి అడగలేదు, తప్పయిందనీ అనలేదు. నేను నోరు పారేసుకున్నానని అమ్మ ఇప్పటికీ అంటుంది. అనాల్సింది సగమే అన్నానని నాకనిపిస్తుంది.