అక్క పక్కన కూర్చున్నవాళ్లు

మొన్న శుక్రవారం హిందూపురంలో మా అమ్మాయి ఇంటి వసారాలో చుక్కాకు ఏరుకుంటూ కూర్చున్నాను. నమాజు అయిపోయాక మసీదు మైకులో, ఆదివారం మదరసా హాల్లోకి మనోవ్యాధుల డాక్టరు వస్తున్నారనీ, ఇంట్లో అట్లాంటి బాధ పడేవాళ్లుంటే దాచిపెట్టకుండా పిలుచుకొని రావాలనీ చెప్పారు. మామూలుగా ఆ మైకులో ఎవరో పోయారనో, దారిలో ఎవరిదో పర్సు దొరికిందనో వింటూ ఉంటాం. దాచిపెట్టకుండా అన్న మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. నా వయసువాళ్లకు తెలుసు, మన కాలంలో ఆ జబ్బు మాట నోటితో అనేవాళ్లే లేరు, మైకు సంగతి దేవుడెరుగు.

మాది పెనుకొండ. మేము దూదేకులవాళ్లం. నాయన దూది ఏకి, పరుపులు కుట్టి మమ్మల్ని పెంచాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయిదు పూటల నమాజూ ఉండేది, ఉగాదికి ఓళిగలూ ఉండేవి. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. వీధి అంతా వినిపించేటట్టు నవ్వేది, ఆ నవ్వుకు అమ్మ చేత తిట్లు తినేది. ఆమెను హిందూపురం ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. నలభై రోజుల స్నానం కాకముందే అక్కకు నిద్ర పట్టకుండా పోయింది. రాత్రీ పగలూ కళ్లు తెరుచుకొని కూర్చునేది. పిల్లకు పాలిమ్మంటే, ఇది నా బిడ్డ కాదు, ఎవరో మార్చేశారు అనేది. ఒకనాడు పొద్దున్నే రైలు పట్టాల వెంబడి నడిచిపోతుంటే పట్టాలు బాగుచేసే గ్యాంగుమనిషి ఒకాయన పట్టుకొచ్చి ఇంట్లో వదిలిపోయాడు. ఆ సంగతి తెలిసి అత్తగారివాళ్లు వచ్చి పిల్లను తీసుకెళ్లిపోయారు. ఆ రోజు నాయన, పరుపులు కుట్టే చారల గుడ్డను నిలువునా చించి, అక్క కాలిని మంచం కోడుకు కట్టాడు. కట్టి, బయటికి వచ్చి, దూది కుప్ప మీద తలపెట్టుకొని ఏడ్చాడు. నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కొండ కింద ఒక చిన్న దర్గా ఉండేది. దాన్ని చూసుకునే ముసలాయనను కులమతాల తేడా లేకుండా అందరం దర్గాతాత అనేవాళ్లం. గాలి పట్టిందని, చూపు తగిలిందని తాయెత్తుల కోసం ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. నాయన వెళ్లి పిలిస్తే తాతే మా ఇంటికి వచ్చాడు. గడపలో నిలబడి చూసి, దువా చదవడానికంటే ముందు నాయనను అడిగాడు.

"ఏమప్పా, కాలు యాల కట్టినావు? పాప ఏమన్నా దొంగతనం చేసిందా? మొదలు విప్పు."

"విప్పితే మళ్లా పట్టాల మీదికి పోతాది తాతా. గాలి పట్టిండాది, మీరే ఇడిపించల్ల."

"దువా నేను చేస్తా. బెంగళూరులో పెద్దాసుపత్రి ఉండాది, మందు ఆడ ఇస్తారు, పిల్చుకొని పో."

దేవుణ్ని నమ్ముకున్నవాళ్లం, మందు మింగిస్తే నమ్మకం తక్కువైనట్టు కాదా అని నాయన నసిగాడు. తాత గడ్డం సవరించుకొని, "దేవుడు అడిగితే నేను చెప్పినానని చెప్పు" అన్నాడు.

ఆ గుడ్డను తాతే కూర్చొని విప్పాడు. విప్పినాక పారిపోకుండా చూసేదెవరన్న ప్రశ్న మిగిలింది. ప్రతి గురువారం దర్గాకు ఊదు వేయడానికి వచ్చే ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. మా మతంవాళ్లూ ఉండేవాళ్లు, కాయలమ్మే రెడ్డోళ్ల పెద్దమ్మ, చర్చికి పోయే ఒక మంత్రసానమ్మ కూడా ఉండేవాళ్లు. తాత వాళ్లను పిలిచి, ఈ అమ్మాయి తల్లి నెల రోజులుగా నిద్రపోలేదు, మీరు పూట పూటకు ఒకరు పోయి కూతురి పక్కన కూర్చుంటే అదే మీ మొక్కు అన్నాడు. వాళ్లు వచ్చారు. వచ్చి పెద్దగా చేసిందేమీ లేదు. ఒకామె చిక్కుడుకాయలు ఒలుచుకునేది, ఒకామె తలకు నూనె రాసేది, మంత్రసానమ్మ తన పాటలేవో సన్నగా పాడుకునేది. అక్క అరిస్తే అరవనిచ్చేవాళ్లు, తిడితే పడేవాళ్లు. అమ్మ మాత్రం లోపలి గదిలో దుప్పటి కప్పుకొని మొదటిసారి రెండు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. బెంగళూరు రైలుకు నాయనా అమ్మా ఇద్దరే చాలరని, రెడ్డోళ్ల పెద్దమ్మ అంగడి మూసేసి సంకటి ముద్దలు మూటగట్టుకొని వాళ్లతోపాటు ఎక్కింది.

అక్కడ ఇచ్చిన మాత్రలతో అక్క వెంటనే మునుపటి మనిషి కాలేదు. మొదటి రెండు నెలలూ మొద్దులాగా ఉండేది, నోట్లో నీళ్లు ఊరేవి, ఇదేం మందురా అని అమ్మ తిట్టుకునేది. మెల్లగా నిద్ర వచ్చింది. మెల్లగా తన చేతులతో తాను అన్నం తిన్నది. ఒకరోజు నా బిడ్డ యాడుండాది అని అడిగింది.

అప్పుడు దర్గాతాత కర్ర పట్టుకొని హిందూపురం బస్సెక్కాడు. బావగారి మసీదు పెద్దలు అప్పటికే తలాకు మాట మాట్లాడుకుంటున్నారు. పిచ్చిదానితో వాడు కాపురం ఎట్ల చేస్తాడని వాళ్లంటే, తాత ఏం చెప్పాడో నాయన ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. "మీవాడికి రేపు కాలు ఇరిగితే ఈ పిల్ల ఇడిసిపెట్టి పోతాదా? ఆమెకు ఇరిగింది మీకు కనపడకుండా ఉండాది, అంతే తేడా." పెద్దలు ఆ రోజేమీ తేల్చలేదు. కానీ మరుసటి గురువారం బావ పిల్లను ఎత్తుకొని పెనుకొండకు వచ్చాడు, ఆపైన వారం వారం వచ్చాడు.

పిల్ల అక్కను గుర్తుపట్టలేదు. చూసి గట్టిగా ఏడ్చింది. లాక్కోవద్దని మంత్రసానమ్మ సైగ చేస్తే అక్క చేతులు ఒళ్లో పెట్టుకొని, తలవంచుకొని కూర్చుంది. మూడో గురువారమో నాలుగో గురువారమో, ఏకిన దూది అక్క జుట్టుకు అంటుకొని ఉంటే, పిల్ల పాక్కుంటూ వచ్చి ఆ దూది పీకింది. మళ్లీ పీకింది. అక్క కదలకుండా పీకించుకుంది. వీధి అంతా వినిపించే ఆ నవ్వు రాలేదు గానీ, పెదాలు విడివడ్డాయి. ఆ యేడాది చివర ఆమె కాపురానికి వెళ్లింది. తర్వాత కూడా రెండుసార్లు తిరగబెట్టింది. రెండుసార్లూ బావే బెంగళూరు తీసుకెళ్లాడు.

ఇంతమంది చేసిన మంచిని చెప్పి, నేను చేసింది చెప్పకపోతే తప్పవుతుంది. ధర్మవరం బడిలో నాకు ఉద్యోగమొచ్చిన కొత్తల్లో అక్క నన్ను చూడాలని ఒక్కతే వచ్చింది. మందుల వల్ల చేతులు వణికేవి, జుట్టు పలచబడింది. చెనక్కాయల ఉండలు గుడ్డలో కట్టుకొని బడి గేటు దగ్గర నిలబడింది. ఎవరామె అని తోటి పంతులమ్మ అడిగితే, మా ఊరామె అన్నాను. అక్క విన్నది. "అవునమ్మా, ఊరామెనే" అని, మూట నా చేతిలో పెట్టి, వచ్చిన దారినే బస్టాండుకు వెళ్లిపోయింది. మళ్లీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మూడేళ్ల కిందట సుగరు ముదిరి అక్క చనిపోయింది, కూతురి చేతుల్లోనే పోయింది. క్షమించమని అడగడానికి నాకు నలభై ఏళ్లు ఉండినాయి, ఒక్క రోజూ అడగలేదు.

ఇప్పుడు బెంగళూరు దాకా పోనక్కర్లేదు, ఆ మాత్రలు మన ఊళ్లలోనే దొరుకుతున్నాయి. చదువుకున్న పిల్లలు ఆ జబ్బుల పేర్లు సిగ్గుపడకుండా చెబుతున్నారు. అది చూస్తే సంతోషమే. అయితే పెనుకొండ వెళ్లినప్పుడల్లా మా వీధిలో పగటిపూట తాళాలే కనిపిస్తాయి. ఆడామగా పొద్దున్నే ఎర్రమంచి కార్ల కంపెనీ బస్సులెక్కి పోతారు, రాబడి బాగుంది, వాళ్లను తప్పుపట్టలేను. మా అక్కకు జబ్బని ఆ రోజుల్లో ఊరందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆమె పక్కన ఎవరో ఒకరు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు తాళం వేసిన ఏ ఇంటి లోపల ఎవరు కళ్లు తెరుచుకొని కూర్చున్నారో, పక్కింటివాళ్లకు కూడా తెలియదు.