ముప్పై ఒకటో తేదీ బిడ్డలు

ఒక ఉత్తరం వల్ల ఈ ప్రయాణం పడింది. రాసింది ఎమ్మిగనూరు నేతగాళ్ల అమ్మాయి సరళ. ఆదోనిలోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తుంది. పసిబిడ్డలకు టీకా ఏ రోజు వేయించాలో తల్లుల ఫోన్లకు గుర్తుచేసే ప్రోగ్రాము వాళ్లది. అందులో తేదీలు లెక్కకట్టే భాగం మాత్రం ఒక ప్రసిద్ధ ప్రోగ్రామర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చినది. ఆయన్ను అందరూ గురూజీ అంటారు.

ముప్పై ఒకటో తేదీన పుట్టిన బిడ్డలకు, ముప్పై ఒకటి లేని నెల వచ్చినప్పుడు సందేశం పోవడం లేదని సరళ కనిపెట్టింది. తప్పు గురూజీ భాగంలో ఉంది. అందరూ చూసే చోట ఆ సంగతి రాసింది. గురూజీ పలకలేదు, భక్తులు పలికారు. వాళ్ల మాటలు ఇక్కడ రాయదగినవి కావు. శనివారం ఆదోనిలో గురూజీకి సన్మానం. ఆ వేదిక మీద క్షమాపణ చెప్పకపోతే సోమవారం నుంచి పని లేదని గురూజీ భక్తుడైన యజమాని ఆమెకు కబురు పెట్టాడు. "వ్యక్తిపూజ మీద మీ వ్యాసాలు చదివినాను సార్. ఒకసారి వస్తారా?" అని ఉత్తరం ముగిసింది.

శనివారం ఉదయం ఆరున్నరకు గుంతకల్లులో రైలెక్కాను. జనరల్ పెట్టెలో కిటికీ పక్కనే చోటు దొరికింది. ఎదుటి సీట్లో బెంగళూరు నుంచి ఆ సన్మానానికే వస్తున్న కుర్రవాడు, పేరు మద్దిలేటి, సొంతూరు ఆస్పరి. ల్యాప్‌టాప్ మూత మీద గురూజీ బొమ్మ.

"గురూజీ సార్ రాసిన లైను నేను ముట్టుకోను. అట్లనే తీసి పెట్టుకుంటా" అన్నాడు.

"అర్థం చేసుకొనే పెట్టుకుంటావా?"

"అర్థం గాని సోట గూడా పన్జేస్తాది గదా సార్."

ఏడున్నర దాటాక ఆదోనిలో దిగి, స్టేషను బయట ఉగ్గాణి తిని బస్టాండుకు నడిచాను. శ్రావణమాసం. ఉరుకుంద గుడికి వెళ్లే భక్తులతో బస్టాండు కిక్కిరిసి ఉంది. కొబ్బరికాయల సంచి పట్టుకున్న ఒకావిడ, "నువ్వూ ఉరుకుందకేనా అన్నా?" అని అడిగింది. కాదు, ఒక మనిషికి మొక్కేవాళ్లను చూడటానికి వచ్చానన్నాను.

"మనిషికా? ఆయప్పకే జొరమొస్తే అప్పుడు యాడికి పోతారు?" అంది. నాస్తికుణ్ణే అయినా ఆ ప్రశ్న నాకు నచ్చింది.

పదింటికి ఎమ్మిగనూరు చేరాను. సరళ తండ్రి లక్ష్మన్న గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. పడుగు చివరికి వచ్చింది. నేసిన గుడ్డ కోసే ముందు పక్కింటి మహిళను పిలిచాడు. ఆమె పేరు ఈరమ్మ. ఆ వీధి పద్ధతి అదట. తన నేత బాగుందని తానే అనుకుని ఎవరూ కోయరు, పక్కింటివాళ్లు చూడాలి. ఈరమ్మ గుడ్డను వెలుతురుకు పట్టి చూసి ఒక చోట వేలు పెట్టింది.

"ఈడ పోగు తెగింది సూడు లచ్చుమన్నా. కండ్లు యాడ పెట్టుకోని నేస్తాండావు?"

"నీ మీదనే పెట్టుకున్యా" అన్నాడు లక్ష్మన్న. ఇద్దరూ నవ్వారు. ఆయన జానెడు నేత విప్పి, తెగిన పోగు ముడివేసి మళ్లీ మొదలుపెట్టాడు.

"కోపం రాదా?" అని అడిగాను.

"సెప్పకుండా పోయింటే వచ్చును" అన్నాడు.

సరళ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఏం చేయమంటారని ఆ తర్వాత నన్ను అడగలేదు.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరం ఆదోని వచ్చాం. మూడింటికి సభ. గురూజీ ఫ్లెక్సీకి దండవేసి కొబ్బరికాయ కొట్టారు. ల్యాప్‌టాప్‌ల మీద సంతకం కోసం బారులు తీరారు. ఒకడు గురూజీ కాళ్లకు మొక్కాడు. ప్రతి మెట్టూ పరీక్షించి చూడమని నేర్పే చదువు చదివినవాళ్లు వీళ్లంతా. నాకు ఒళ్లు మండింది. మండుతూనే ఒక పాత సిగ్గు గుర్తుకొచ్చింది. మా హేతువాద సభలో మా గురువు ఒకసారి తప్పు ఆధారం చూపితే, తెలిసీ చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

క్షమాపణ చెప్పమని సరళ చేతికి మైకు ఇచ్చారు.

"మా వీధిలో పడుగు కోసేముందు పక్కింటోళ్లకు సూపిస్తాం. నేను మీ పక్కింటిదాన్ని అనుకోండి సార్" అని తన కంప్యూటర్ తెరిచి, ముప్పై ఒకటో తేదీ పుట్టినరోజు ఇచ్చి చూపించింది. వరుసలో ముప్పై ఒకటి లేని నెలలన్నీ ఖాళీగా వచ్చాయి. హాలులో ఈలలు, "దిగు, దిగు" అని అరుపులు. గురూజీ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తప్పే. నాదే" అన్నాడు.

వెంటనే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఆయనకు. తప్పు ఒప్పుకున్నందుకు ఇంకో దండ వేశారు. ఆ సందడిలో సరళ మెట్లు దిగి నా దగ్గరకు వచ్చి ఫోన్ చూపించింది. యజమాని పంపిన సందేశం: సోమవారం నుంచి పని లేదు.

"పని పోయినా, ఆ తప్పు గూడా పోతాది గదా సార్" అంది. ఆమెను ఎమ్మిగనూరు బస్సెక్కించి స్టేషనుకు వెళ్లాను.

సాయంత్రం ఆరుంబావు రైలు. బెంగళూరుకు తిరిగి పోతూ మద్దిలేటి మళ్లీ ఎదురుగా కూర్చున్నాడు.

"సూసినారా సార్, ఎంత పెద్ద మనసో. అంతమంది ముందర ఒప్పుకున్యాడు."

"కనిపెట్టింది ఎవరు?"

"ఎవరో ఆ పాప."

"పేరు?"

పేరు కోసం ల్యాప్‌టాప్ తెరిచాడు. గురూజీ దిద్దుబాటు అప్పటికే వచ్చి ఉంది. కనిపెట్టినవారు, దిద్దినవారు అనే రెండు చోట్లా గురూజీ పేరే. ఇక ఏ బిడ్డ సందేశమూ తప్పిపోదు. ఆ సంతోషం ఒకవైపు ఉంది. కానీ ఆ హాలు ఏమీ నేర్చుకోలేదు. వ్యక్తికి మొక్కేవాడు తప్పు బయటపడ్డా మొక్కడం ఆపడని ఆదోనిలో కళ్లారా చూశాను.

ఆస్పరి దాటాక మద్దిలేటి, "ఆ పాప పేరేంది సార్?" అన్నాడు. చెప్పాను. కనిపెట్టినవారి చోట ఆమె పేరుండాలని గురూజీకి రెండు వరుసలు టైపు చేశాడు. చేసి, పంపే మీట మీద ఒక వేలుంచి, రెండో చేత్తో మూత మీది బొమ్మను ఒకసారి తడిమాడు.

గుంతకల్లులో నేను దిగేటప్పటికి అతని వేలు ఇంకా మీట మీదే ఉంది.